సన్న నాళం, పొడుగు దారి

సిరిసిల్లలో సాంచా (మరమగ్గం) నడుస్తుండగా పోగు తెగితే, కార్మికుడు సాంచా ఆపి తెగిన రెండు కొసలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ఇంత ముడి వేసి మళ్లీ నడిపిస్తాడు. పక్కనున్న మనిషి రెప్పవేసి తెరిచేలోపు అయిపోయే పని అది. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల పల్లెల్లో బీడీలు చేసే ఆడవాళ్ల వేళ్లూ అలాంటివే. కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కట్టడం అంతా ముచ్చట్లు పెట్టుకుంటూనే సాగిపోతుంది, చేతివంక చూసే పని కూడా ఉండదు. కుడిచేతికి సంబంధించిన ఈ నేర్పును నడిపించేది మెదడు ఎడమవైపు ఒక మడతలో వక్కంత చోటు. ఆ చోటికి నెత్తురు మోసే ధమని అగరుబత్తి పుల్లంత సన్నంగా, ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంలో ఉంటుంది. అందులో నెత్తురుగడ్డ అడ్డం పడితే మనిషి చాలాసార్లు చావడు, లేచి నడవగలడు కూడా. పోగు ముడి మాత్రం వేయలేడు. దానికి ముందువైపున్న మరో కొమ్మ మూసుకుపోతే మాట పోతుంది. తల వెనకభాగానికి వెళ్లే కొమ్మ పోతే కళ్లు బాగానే ఉన్నా చూపులో ఒక సగం మాయమవుతుంది. పెద్దాసుపత్రి లెక్కలో ఇది చిన్న స్ట్రోకు. సాంచా మీదా, బీడీల చాట ముందూ కూర్చునే మనిషికి అది బతుకుదెరువు ఆగిపోవడం.

కాబట్టి ఆ సన్న నాళంలోంచి గడ్డను లాగి పారేయవచ్చని ఎవరైనా అంటే, ఎంత ఖర్చయినా, ఎంత దూరమైనా పరుగెత్తాలనిపిస్తుంది. లాగే పద్ధతి కొత్తది కాదు. గజ్జల దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోకి సన్నని గొట్టం ఎక్కించి, ఎక్స్‌రే తెర మీద దారి చూసుకుంటూ ఛాతీ దాటించి, మెడ మీదుగా మెదడు దాకా తీసుకెళ్తారు. గడ్డలోంచి ఒక తీగ దూర్చి, దాని వెంట జాలీలాంటి స్టెంటును విప్పుతారు. గడ్డ జాలీలో చిక్కుకున్నాక స్టెంటుతో సహా వెనక్కి లాగేస్తారు. లేకపోతే గొట్టాన్ని గడ్డకు ఆనించి పీల్చేస్తారు. దీన్నే త్రాంబెక్టమీ అంటారు. మెదడులోకి వెళ్లే పెద్ద ధమనుల విషయంలో ఈ చికిత్స ఎంత పని చేస్తుందో 2015లో ఐదు పరిశోధనలు వరుసగా తేల్చాయి. నెదర్లాండ్స్‌లో చేసిన ‘మిస్టర్ క్లీన్’ వాటిలో మొదటిది. ఐదింటిలోని 1,287 మంది లెక్కలను కలిపి చూస్తే, మందులతో మాత్రమే వైద్యం జరిగినవారిలో మూడు నెలల తరవాత తమ పనులు తామే చేసుకోగలిగినవారు నూటికి 26 మంది, గడ్డను లాగించుకున్నవారిలో 46 మంది. వైద్యంలో ఇంత తేడా చూపించే చికిత్సలు అరుదు. మూడేళ్ల తరవాత, 2018లో, స్కానింగులో ఇంకా బతికున్న మెదడు కనిపిస్తే 24 గంటల దాకా కూడా లాగవచ్చని మరో రెండు పరిశోధనలు చూపించాయి. పెద్ద నాళానికి అంత మేలు చేసిన గొట్టం చిన్న నాళానికి ఎందుకు చేయదు? డాక్టర్లకూ రోగులకూ ఒకేలా తట్టిన ప్రశ్న ఇది. 2015 తరవాతి పదేళ్లలో గొట్టాలు సన్నబడ్డాయి, తీగలు మెత్తబడ్డాయి, చాలా పెద్దాసుపత్రులు జవాబు కోసం ఆగకుండా చిన్న నాళాల్లోకీ వెళ్లడం మొదలుపెట్టాయి.

జవాబు 2025 ఫిబ్రవరిలో, లాస్ ఏంజలిస్‌లో జరిగిన స్ట్రోక్ వైద్యుల సదస్సులో వచ్చింది. ఒక్కటి కాదు, రెండు. కెనడాలోని కాల్గరీ నుంచి మయాంక్ గోయల్, మైకేల్ హిల్ బృందం నడిపిన ‘ఎస్కేప్-మీవో’లో 530 మంది రోగులున్నారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి మారియోస్ సైకోజియోస్ బృందం నడిపిన ‘డిస్టల్’లో 11 దేశాలకు చెందిన 543 మంది ఉన్నారు. రెంటిలోనూ చిన్న, మధ్యరకం నాళాలు మూసుకుపోయినవారినే తీసుకున్నారు. సగం మందికి మంచి మందుల వైద్యం చేశారు, మిగతా సగానికి ఆ వైద్యంతో పాటు గొట్టంతో గడ్డను లాగారు. ఎవరు ఏ సగంలోకి వెళ్లాలో డాక్టరు ఎంచలేదు, చీటీ తీసినట్టు కంప్యూటరు తేల్చింది. కెనడా పరిశోధనలో మూడు నెలలకు దాదాపు పూర్తిగా కోలుకున్నవారు గొట్టం వెళ్లినవారిలో నూటికి 41.6, వెళ్లనివారిలో 43.1. అంటే లాభం లేదు. ప్రమాదం మాత్రం కనిపించింది. మెదడులో నెత్తురు కారి పరిస్థితి దిగజారినవారు గొట్టం వైపు 5.4 శాతం, రెండోవైపు 2.2 శాతం. చనిపోయినవారు 13.3 శాతం, 8.4 శాతం. బాసెల్ పరిశోధనలో మరణాలు రెండువైపులా ఇంచుమించు సమానం, కోలుకోవడంలో తేడా లేదు, నెత్తురు కారడం మాత్రం అక్కడా 5.9కి 2.6. వేర్వేరు ఖండాల్లో, వేర్వేరు బృందాలు, ఒకరి లెక్కతో ఒకరికి సంబంధం లేకుండా చేసిన పనులు రెండూ ఒకేమాట చెప్పాయి.

ఇలా ఎందుకైందో ఆలోచిస్తే అంత వింతేమీ కాదు. పెద్ద ధమని గోడ గట్టిగా ఉంటుంది, దారి కొంత తిన్నగా ఉంటుంది. లోపలికి వెళ్లేకొద్దీ నాళం సన్నబడుతుంది, మలుపులు పెరుగుతాయి, గోడ పలచబడుతుంది. ఆ నాళానికి పక్కనుంచి వెంట్రుకల్లాంటి పిల్లకొమ్మలు పుట్టి మెదడులోకి దిగుతాయి. జాలీని వెనక్కి లాగినప్పుడు గడ్డతో పాటు నాళమూ కొంత సాగుతుంది, ఒక్కోసారి పిల్లకొమ్మ తెగుతుంది. అక్కడ నెత్తురు కారితే పట్టుకుని ఆపడానికి చెయ్యి అందదు. గడ్డను బయటికి తీయడంలో సఫలమైన సందర్భాలు కూడా ఈ పరిశోధనల్లో నాలుగింట మూడే. రెండో కారణం రోగులే. చిన్న నాళం మూసుకుపోతే దెబ్బ తినే మెదడూ చిన్నదే, కాబట్టి చాలామంది ఎలాగూ బాగానే కోలుకునే దారిలో ఉంటారు. వారికి కొత్తగా చేయగల మేలు తక్కువ, చేయగల కీడు మాత్రం అంతే ఉంటుంది. మూడోది, నా మట్టుకు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది, గడ్డ పొడవు. పెద్ద ధమనిలో ఇరుక్కున్న పొడవాటి గడ్డను సూదిమందు సులువుగా కరిగించలేదు. చిన్న నాళంలో పట్టే గడ్డ చిన్నది, మందు దాన్ని చాలాసార్లు కరిగిస్తుంది. గొట్టం అక్కడికి చేరేసరికి మందు సగం పని చేసి ఉంటుంది.

ఇక్కడొక మాట నిలబడి చూడాలి. ఈ ఫలితాలు చదివి, ‘అయితే చిన్న స్ట్రోకుకు చేసేదేమీ లేదన్నమాట’ అని వదిలేస్తే అంతకంటే తప్పు లేదు. పరిశోధనలో గొట్టం వెళ్లని సగానికి జరిగింది ఊరికే మంచం మీద పడుకోబెట్టడం కాదు. వాళ్లకు సీటీ తీశారు, నాళాల బొమ్మ కూడా తీశారు, వీలైనవారికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు పరిశోధనల్లోనూ ఆ ఇంజెక్షన్ పడినవారు సగానికి పైనే. తరవాత స్ట్రోకు రోగుల కోసమే ఉన్న వార్డులో నర్సులు కనిపెట్టుకుని ఉన్నారు. అంటే ఓడిపోయింది గొట్టమే అయినా, గెలిచింది ‘ఏమీ చేయకపోవడం’ కాదు. గెలిచింది ఒక ఇంజెక్షన్, ఒక సీటీ యంత్రం, ఒక మంచి వార్డు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలకు ఈ తేడా ఎంత ముఖ్యమో చెప్పడానికే ఈ వ్యాసం. గొట్టం పెట్టే క్యాథ్‌ల్యాబూ, దాన్ని మెదడులోకి నడిపించగల డాక్టరూ రాత్రీపగలూ దొరకాలంటే ఈ ప్రాంతానికి ప్రధానంగా హైదరాబాదే దిక్కు. ఇంజెక్షన్, సీటీ, వార్డు జిల్లాలోనే పెట్టుకోగలిగినవి. చిన్న నాళాల స్ట్రోకుకు కావాల్సింది హైదరాబాదులో కాదు, మన దగ్గరే ఉండగలదని లాస్ ఏంజలిస్‌లో తేలింది. ఇది మనకు చెడ్డవార్త ఎందుకవుతుంది?

గడియారం లెక్క వేసుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు లక్షణాలు మొదలైన దగ్గర నుంచి నాలుగున్నర గంటలు. మామూలు లెక్క ఇది, 2008 నుంచి నిలబడి ఉన్నది. అంతకుముందు, 1995లో అమెరికా పరిశోధన మొదటిసారి నిరూపించినప్పుడు మూడు గంటలే. నాలుగున్నర గంటలంటే 270 నిమిషాలు. కోరుట్ల నుంచి జగిత్యాల పాతిక కిలోమీటర్లు, జగిత్యాల నుంచి కరీంనగర్ యాభై, అక్కడి నుంచి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ మరో నూట అరవై. తెల్లవారుజామున నాలుగు గంటల ప్రయాణం, పగలైతే ఇంకా ఎక్కువ. ఇంట్లో ‘కాసేపు చూద్దాం’ అని అరగంట, బండి దొరకడానికి అరగంట, హైదరాబాదు ట్రాఫిక్‌లో అరగంట, ఆస్పత్రిలో కాగితాలకూ స్కానింగుకూ ముప్పావుగంట వేసుకుంటే గడువు దాటిపోతుంది. సిరిసిల్ల వాళ్లకు దూరం కొంత తక్కువ, ఒక నూటనలభై కిలోమీటర్లు. లెక్క అంతగా మారదు. అదే మనిషిని జగిత్యాలలోనో, సిరిసిల్లలోనో, నలభై యాభై కిలోమీటర్ల దూరంలోని కరీంనగర్‌లోనో సీటీ కిందికి చేరిస్తే ఇంజెక్షన్ పడ్డాక కూడా గంటన్నర మిగులుతుంది. మెదడు నెత్తురు అందక ఎండిపోయే వేగాన్ని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టాడు. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి 19 లక్షల నాడీకణాలు. చిన్న నాళంలో అన్ని పోవు, కానీ పోయేవి ఆ వక్కంత చోటులోవే. నేరుగా హైదరాబాదుకు బయలుదేరడం ప్రేమతో చేసే పనే. చాలాసార్లు రోగికి దక్కాల్సిన ఇంజెక్షన్‌ను దారిలో పారబోసేదీ ఆ ప్రేమే.

దీనికి మొదటి అభ్యంతరం వెంటనే వస్తుంది. పట్నం వాళ్లకు గొట్టం, పల్లె వాళ్లకు సూది, ఇదేం న్యాయం అని. అభ్యంతరంలో బలముంది. 2019 నాటి లెక్క ప్రకారం త్రాంబెక్టమీ అవసరమైనవారిలో ప్రపంచం మొత్తం మీద దాన్ని పొందినవారు నూటికి ముగ్గురు కూడా లేరు. పెద్ద ధమని మూసుకుపోయిన జగిత్యాల రైతుకు గొట్టం హక్కుగా దొరకాలి, అందులో సందేహం లేదు. కానీ ఆ హక్కు దక్కాలన్నా మొదటి మెట్టు దగ్గరలోని సీటీయే. మూసుకుపోయింది పెద్ద నాళమా, చిన్నదా అన్నది మూతి చూసి ఎవరూ చెప్పలేరు. రంగుమందు ఎక్కించి నాళాల బొమ్మ తీస్తేనే తెలుస్తుంది. మొదట దగ్గరలో స్కానింగు, వీలైతే అక్కడే ఇంజెక్షన్, పెద్ద నాళమని తేలితే ఆ ఇంజెక్షన్ ఒంట్లో పని చేస్తుండగానే అంబులెన్సులో హైదరాబాదు. ఇలా వడపోస్తేనే గొట్టం ఎవరికి కావాలో వాళ్లకు త్వరగా అందుతుంది. వడపోత లేకుండా అందర్నీ ఒకే దారిలో పంపిస్తే చిన్న నాళం రోగులు లాభం లేని ప్రయాణం చేస్తారు, పెద్ద నాళం రోగులు ఆలస్యంగా చేరుతారు. పెద్ద నాళంలోంచి చీలే మొదటి కొమ్మల్లో ఒకటి మిగతావాటికంటే లావుగా ఉండి మెదడులో ఎక్కువ భాగాన్ని పోషిస్తుంటే, దాన్ని పెద్ద నాళంగానే లెక్కపెట్టి గొట్టం వేయడంలో తప్పులేదని చాలామంది నిపుణుల మాట. ఆ తేడా తేల్చేదీ స్కానింగు బొమ్మే, దాన్ని చదవగల కన్నే.

రెండో అభ్యంతరం చరిత్ర తెలిసినవాళ్లది, నాకూ ఇదే ఎక్కువ ఆలోచింపజేసేది. 2013లో పెద్ద ధమనుల మీద చేసిన మూడు పరిశోధనలు కూడా ఇలాగే గొట్టం వల్ల లాభం లేదని తేల్చాయి. అప్పుడు వాడినవి పాత పరికరాలు, రోగుల్ని ఎంచుకున్న తీరు సరిగా లేదు, లాగడానికి ముందు చాలా సమయం పోయింది. రెండేళ్లు తిరిగేసరికి కథ మారిపోయింది. చిన్న నాళాలకూ అదే జరగవచ్చు కదా? తప్పకుండా జరగవచ్చు. 2025 నాటి పరిశోధనల్లో స్కానింగుకూ గొట్టం పెట్టడానికీ మధ్య ఎక్కువ సమయం పోయిందని, గడ్డ బయటికి వచ్చిన శాతం తక్కువని విమర్శకులు అన్న మాటలో నిజముంది. ఈ నాళాల కోసమే తయారైన సన్న పరికరాలతో వేరే పరిశోధనలూ నడుస్తున్నాయి. రేపు ఫలానా రోగికి, ఫలానా నాళంలో, ఫలానా గంటలోపు గొట్టం మేలు చేస్తుందని తేలితే ఈ వ్యాసంలోని ఆ ముక్క కొట్టేసుకోవాల్సిందే. కానీ 2013లో తప్పు సరిదిద్దింది ఆశ కాదు, మళ్లీ పెట్టుకున్న పరీక్ష. ఆ పరీక్ష జరిగే చోట, రోగికి విషయం చెప్పి, పరిశోధనలో భాగంగా చేయవచ్చు. నిరూపణ కాని పనిని ‘లేటెస్ట్ ట్రీట్‌మెంట్’ అని బోర్డు పెట్టి, లక్షల రూపాయల బిల్లు వేయడం వేరే సంగతి. గొట్టాలు, జాలీలు ఎక్కువగా విదేశాల నుంచి వచ్చేవి, ఒకసారి వాడి పారేసేవి. ఇంజెక్షన్ ఖర్చు వేలల్లో ఉంటే దీని ఖర్చు లక్షల్లో. గల్ఫ్ వీసాకు తెచ్చిన అప్పే ఇంకా తీరని ఇంట్లో ఆ లక్షల కోసం అమ్మేది గుంట భూమినే.

‘సగటు లెక్కలు నాకెందుకు, నా భర్త చెయ్యి నాకు కావాలి’ అని ఒక ఇల్లాలు అంటే ఏం చెబుతాం? సగటు అనేది ఎవరో ఒక్కరి కథ కాదు, నిజమే. పరిశోధనలో కొందరికి గొట్టం మేలు చేసే ఉంటుంది. చిక్కేమిటంటే, ఎవరికి మేలు చేస్తుందో, ఎవరికి నెత్తురు కారుతుందో ముందుగా చెప్పగలిగే గుర్తు ఇంకా నిలకడగా దొరకలేదు. చెయ్యి కోసం వెళ్లి మనిషినే పోగొట్టుకునే అవకాశం నూటికి రెండున్నా, అయిదున్నా, దాని పక్కన పెట్టి చూడదగిన లాభం కనిపించకపోతే అడుగు వెనక్కి వేయడమే తెలివి. ఇంజెక్షన్‌లో ప్రమాదం లేదా అని ఎదురడిగేవారూ ఉంటారు. ఉంది. 1995 నాటి పరిశోధనలోనే మెదడులో నెత్తురు కారినవారు ఇంజెక్షన్ వైపు 6.4 శాతం, మరోవైపు 0.6 శాతం. అయినా మూడు నెలలకు వైకల్యం లేకుండా మిగిలినవారు ఇంజెక్షన్ వైపే ఎక్కువ. ప్రమాదాన్ని మించిన మేలు కనిపించింది కాబట్టే అది నిలిచింది. ప్రమాదం లేని చికిత్స కోసం చూడటం లేదు మనం, ప్రమాదానికి తగ్గ ఫలం ఇచ్చే దానికోసం చూస్తున్నాం. గొట్టం పెద్ద నాళంలో ఆ పరీక్ష నెగ్గింది, చిన్న నాళంలో నెగ్గలేదు.

ఇక అందరూ ముగింపు మాటగా వేసే ప్రశ్న: జిల్లాలో న్యూరాలజిస్టు ఎక్కడున్నాడు? ఈ ప్రశ్నకు జవాబు కోసం కెనడా దాకా పోనక్కర్లేదు. హిమాచల్ ప్రదేశ్ మన జగిత్యాల కంటే కష్టమైన నేల, అంతా కొండదారులు. అక్కడ 2014లో ఒక ఏర్పాటు మొదలుపెట్టారు. సీటీ యంత్రం ఉన్న జిల్లా ఆస్పత్రుల్లోని మామూలు ఫిజీషియన్లకు శిక్షణ ఇచ్చారు. స్ట్రోకు రోగి రాగానే వాళ్లు సీటీ బొమ్మను ఫోన్‌లో సిమ్లాలోనో టాండాలోనో ఉన్న మెడికల్ కాలేజీ న్యూరాలజిస్టుకు పంపుతారు, ఆయన చూసి చెబితే ఇంజెక్షన్ ఇస్తారు. మందు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. జగిత్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022లో, సిరిసిల్లలో 2023లో మొదలయ్యాయి. కాలేజీ అంటే ఫిజీషియన్లు, రేడియాలజిస్టులు, ఇరవైనాలుగు గంటల క్యాజువాలిటీ. హైదరాబాదులోని నిమ్స్ లాంటి చోట ఒక న్యూరాలజిస్టు ఫోన్ పట్టుకుని కూర్చుంటే చాలు. మందు కూడా ఇప్పుడు సులువైంది. పాత ఆల్టిప్లేస్‌ను కొంత ఒకేసారి ఇచ్చి, మిగతాది గంటపాటు డ్రిప్‌లో ఎక్కించాలి. టెనెక్టిప్లేస్ అయితే కొన్ని సెకన్లలో ఒకే ఇంజెక్షన్. అది పాతదానికి తీసిపోదని 2022లో కెనడా పరిశోధన తేల్చింది, పుణేలో తయారవుతుంది కూడా. గుండెపోటుకు ఇచ్చే మందే కాబట్టి మన ఫిజీషియన్లకు ఆ సీసా కొత్తది కాదు. స్ట్రోకుకు డోసు మాత్రం గుండెపోటు డోసులో దాదాపు సగం. ఆ తేడా గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

ఇంజెక్షన్ గడువు దాటినవారు, ఇవ్వడానికి వీలులేనివారు ఎప్పుడూ ఎక్కువే ఉంటారు. వాళ్లకేం చేయాలన్నది పత్రికల్లో కనిపించదు, ఎందుకంటే అందులో యంత్రం లేదు, ఫొటో లేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోకు వార్డుల్లో చేసిన ఒక పరిశోధన 2011లో వచ్చింది. వాటిలో కొన్నిటిలో నర్సులకు మూడే పనులు నేర్పారు: జ్వరం వస్తే వెంటనే తగ్గించడం, చక్కెర అదుపులో పెట్టడం, మింగగలడో లేడో పరీక్షించకుండా నోటికి ఏమీ ఇవ్వకపోవడం. మూడు నెలలకు చనిపోయినవారూ, ఇంకొకరి మీద ఆధారపడినవారూ కలిపి అవి నేర్పని వార్డుల్లో 58 శాతమైతే, నేర్పిన వార్డుల్లో 42 శాతం. చిన్న నాళంలో గొట్టం ఏ మేలూ చూపించలేని చోట, ఒక థర్మామీటరు, చక్కెర చూసే మిషను, చెంచాడు నీళ్ల పరీక్ష ఇంత తేడా తెచ్చాయి. మన దగ్గర ఏమవుతుందో అందరికీ తెలుసు. మూతి వంకర పోయిన మనిషి పడిపోగానే ఇంటివాళ్లు చేసే మొదటి పని నోట్లో నీళ్లు పోయడం. గొంతు కండరాలు పని చేయకపోతే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, నాలుగోరోజు న్యుమోనియా వస్తుంది. స్ట్రోకుతో బతికిన మనిషి కొబ్బరినీళ్లతో పోవడం ఎంత అన్యాయం!

దాని తరవాత ఆర్‌ఎంపీ వస్తాడు. అతణ్ని తప్పుపట్టడం తేలికే కానీ, రాత్రి రెండింటికి పల్లెలో తలుపు తీసేది అతనొక్కడే. అతను చేసే రెండు పనులు మాత్రం మానాలి. ఒకటి, బీపీ ఎక్కువుందని వెంటనే దింపే మాత్ర వేయడం. మూసుకుపోయిన నాళం చుట్టూ ఉన్న మెదడు ఆ పెరిగిన ఒత్తిడితోనే కాస్త నెత్తురు పీల్చుకుంటూ ఉంటుంది, ఒక్కసారిగా దింపితే ఆ భాగమూ ఎండుతుంది. రెండు, సీటీ తీయకుండా ఆస్పిరిన్ వేయడం. స్ట్రోకు అన్నిసార్లూ గడ్డ కాదు, కొందరిలో నాళం చిట్లి నెత్తురు కారడం. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, ఆస్పిరిన్ రెండోదానికి విషం. అతణ్ని పని మాన్పించడం కంటే పని నేర్పించడం మేలు. మొహం ఒకవైపు జారిందా, చేతులు రెండూ ఎత్తితే ఒకటి కిందికి వాలుతోందా, మాట తడబడుతోందా, ఇవి చూసి 108కు ఫోన్ చేయడం అతనికి అరగంటలో నేర్పవచ్చు. 2005 నుంచి నడుస్తున్న అంబులెన్సు అది, నెంబరు చిన్నపిల్లలకూ తెలుసు. పడిపోయిన కాలుచేతికి పావురం నెత్తురు రాసేవారూ, పసరు కోసం రెండు జిల్లాలు దాటేవారూ ఇంకా ఉన్నారు. నాటుమందు ఎవరి నమ్మకం వాళ్లది. ఆ నమ్మకానికి నాలుగున్నర గంటల తరవాత చాలా సమయం ఉంటుంది, ముందు మాత్రం లేదు.

ఈ మూడు ఊళ్లకు మరో చిక్కుంది. ఇంటికొకరు చొప్పున మస్కట్‌లోనో దుబాయ్‌లోనో దోహాలోనో ఉంటారు. దోహాలోని హమద్ జనరల్ ఆస్పత్రి స్ట్రోకు రికార్డుల్లో పదేపదే కనిపించిన సంగతి, దక్షిణాసియా నుంచి వచ్చిన కార్మికులకు పక్షవాతం చిన్న వయసులోనే వస్తోందని. బీపీ, చక్కెర ఉన్నట్టే తెలియకుండా ఎంతోమంది అక్కడ పనిలోకి దిగుతారు. మన దగ్గర మిగిలేది అమ్మానాన్నలు, భార్యలు, పిల్లలు. పక్షవాతం ఇక్కడ వచ్చినా అక్కడ వచ్చినా, పక్కనుండి గుర్తుపట్టి ఫోన్ చేసేవాళ్లు తక్కువ. స్ట్రోకు ముప్పులో పదింట తొమ్మిది పాళ్లు సరిదిద్దుకోగలిగిన కారణాల వల్లేనని, అందులో బీపీయే మొదటిదని 32 దేశాల్లో చేసిన ‘ఇంటర్‌స్ట్రోక్’ పరిశోధన చెప్పింది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవారి బీపీ చూడటం ప్రతి పల్లె దవాఖాన పెట్టుకోదగిన పని.

కాబట్టి ఈ జిల్లాల ప్రజాప్రతినిధులను ఎవరైనా ఏం అడగాలంటే, మెదడు గొట్టం పెట్టే సెంటరు కావాలని కాదు, అది తరవాతి మాట. రాత్రి రెండు గంటలకు ప్రభుత్వ ఆస్పత్రిలో సీటీ గది తలుపు తెరుచుకుంటుందా, బొమ్మ చూసి చెప్పేవారున్నారా, ఫ్రిజ్‌లో టెనెక్టిప్లేస్ ఉందా, ఈ మూడు ప్రశ్నలకు అవునో కాదో అన్న జవాబు అడగాలి. ఇంటివాళ్లుగా మీరు చేయాల్సింది ఇంకొకటుంది. క్యాజువాలిటీ గుమ్మంలో డాక్టరు మొట్టమొదట అడిగేది పేరు కాదు, ఆరోగ్యశ్రీ కార్డూ కాదు. ‘చివరిసారి మంచిగున్నడని చూసింది ఎన్ని గంటలకు?’ అంటాడు. ఇంజెక్షన్ ఇవ్వవచ్చా లేదా అన్నది ముందు ఆ టైము మీదే ఆధారపడుతుంది. మూతి వంకర పోయినట్టు కనిపించిన క్షణాన నీళ్ల చెంబు పక్కన పెట్టండి, గడియారం చూడండి, ఆ టైము ఒక కాగితం మీద రాసి బండెక్కే మనిషి జేబులో పెట్టండి.